మధ్యాహ్నం మూడింటికి పోయే వైఫై: ఒక ల్యాప్‌టాప్ కేస్ స్టడీ

ఇళ్లలో వైఫై, కంప్యూటర్ సమస్యలు చూడటం నా పని. "ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ పోతోందండీ" అనే మాట తరచుగా వింటూనే ఉంటాను. ఎక్కువ కేసులు గంట, రెండు గంటల్లో తేలిపోతాయి. ఈ కేసుకు మాత్రం మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది, దాదాపు రెండు వారాలు పట్టింది. దీన్ని పూర్తిగా రాసిపెట్టడానికి కారణం ఉంది. ఇందులో తప్పు ఒకటి కాదు, రెండు. విడివిడిగా చూస్తే రెండిట్లో ఏదీ వైఫైని పడగొట్టదు. రెండూ కలిసిన పూటే పడిపోతుంది. కారణం ఒక్కటే ఉంటుందని వెతికినంత కాలం ఇలాంటిది దొరకదు. నాకూ మొదట దొరకలేదు.

ఫిర్యాదు

నాకు ఫోన్ చేసినావిడ ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తారు. రోజుకు మూడు నాలుగు వీడియో కాల్స్ ఉంటాయి. ఫోన్‌లో చెప్పిన మొదటి మాట ఇది: "ఇంట్లో అందరి ఫోన్లూ బాగానే ఉన్నాయండీ. నా ల్యాప్‌టాప్‌కే ఈ తిప్పలు. వైఫై ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే దారిలో పడుతుంది."

అప్పటికి మూడు నెలల నుంచి ఇదే వరస. నేను వెళ్లేసరికే చాలా ప్రయత్నాలు జరిగిపోయాయి. విండోస్ అప్‌డేట్లన్నీ వేశారు. నెట్‌వర్క్ రీసెట్ రెండుసార్లు చేశారు. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నుంచి మనిషి వచ్చి, లైన్ బాగుందని చెప్పి వెళ్లాడు. చివరికి రూటరే మార్చారు. కొత్త రూటర్ పెట్టిన నాలుగు రోజులు హాయిగా గడిచాయట. ఐదో రోజు మళ్లీ మొదలు. ఇక ఇంట్లో అందరూ తేల్చేశారు, ల్యాప్‌టాప్‌లోనే ఏదో పోయింది, కొత్తది కొనాల్సిందేనని. ఆ ల్యాప్‌టాప్‌కు రెండేళ్లు కూడా నిండలేదు.

"వైఫై పోయింది" అన్నప్పుడు నేను ముందు అడిగేది ఒకటే: పోయినప్పుడు తెర మీద ఏం కనిపిస్తోంది? ఎందుకంటే ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకటి, ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య రేడియో లింకే తెగిపోవడం. అప్పుడు వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వస్తుంది. రెండు, లింక్ ఉంటుంది గానీ ల్యాప్‌టాప్‌కు రూటర్ నుంచి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబరు, అందదు. అప్పుడు అడ్రస్ 169.254తో మొదలవుతుంది. విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. మూడు, రూటర్ దాకా అంతా బాగుంటుంది, రూటర్ నుంచి బయటికి వెళ్లే లైన్ పోతుంది. ఈ మూడింటికీ మందులు వేరు. ఏది పోయిందో తెలియకుండా సెట్టింగులు మార్చడమంటే, నొప్పి ఎక్కడో అడక్కుండా మాత్ర ఇవ్వడమే.

ఆవిడ జవాబు తిన్నగా ఏ ఒక్కదాని మీదా నిలవలేదు. "ఒక్కోసారి గీతలు నిండుగానే ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. ఒక్కోసారి మొత్తం పోయి, దానంతటదే వస్తుంది. ఎక్కువగా మధ్యాహ్నాలే." తర్వాత ఇంకో మాట కూడా అన్నారు: "మౌస్ కూడా ఈమధ్య మొరాయిస్తోంది, బ్యాటరీ మార్చినా అంతే." అది వైర్‌లెస్ మౌస్. నేను ఆ మాట విన్నాను, రాసుకోలేదు. మౌస్ సంగతి వేరే అనుకున్నాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

మొదటిసారి వెళ్లినప్పుడు

ఇలాంటి కేసుల్లో నా మొదటి పని రెండు పింగ్‌లు పక్కపక్కన నడపడం. పింగ్ అంటే ఒక అడ్రస్‌కు చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే కమాండ్. తెర మీద ఒక కిటికీలో రూటర్ అడ్రస్‌కు, ఆ ఇంట్లో అది 192.168.1.1. రెండో కిటికీలో బయటి అడ్రస్‌కు, సాధారణంగా 8.8.8.8. పింగ్ కమాండ్ చివర మైనస్ టి పెడితే మనం ఆపేదాకా ఆగదు. వైఫై "పోయిన" క్షణంలో రెండూ ఆగిపోతే గొడవ ఇంట్లోనే ఉంది. రూటర్ జవాబిస్తూ ఉండి బయటిది మాత్రమే ఆగితే గొడవ లైన్‌లో ఉంది. సగం కేసుల్ని తేల్చేది ఈ రెండు కిటికీలే. ఖర్చు లేదు, ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

రెండు గంటలు కూర్చున్నాను. రూటర్ నుంచి జవాబు 2, 3 మిల్లీసెకన్లలో వస్తూనే ఉంది. ఒక్కటీ తప్పలేదు. డాక్టర్ ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయినట్టుంది వ్యవహారం.

ఇక పాత రికార్డు చూద్దామని విండోస్ వైర్‌లెస్ రిపోర్ట్ తీశాను. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్" అనే కమాండ్ ఇస్తే, గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నీ ఒక పేజీగా తయారవుతాయి. చాలామందికి ఇది ఉందనే తెలియదు. తెలిస్తే ఎంత శ్రమ తప్పేదో. అందులో ముందు రోజు మధ్యాహ్నం వరసగా ఎర్ర గుర్తులు కనిపించాయి. కారణం గడిలో, డ్రైవర్ వైపు నుంచి కనెక్షన్ తెగిందని ఉంది. డ్రైవర్ అంటే వైఫై కార్డును విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్.

డ్రైవర్ అనే మాట కనిపించగానే నా ఆలోచన అటే పోయింది. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు డ్రైవర్ ఏడాది పైబడిన పాతది. పవర్ మేనేజ్‌మెంట్‌లో, కరెంటు ఆదా కోసం ఈ కార్డును ఆపేయొచ్చని విండోస్‌కు అనుమతిచ్చే టిక్కు కూడా ఉంది. ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి కొత్త డ్రైవర్ వేశాను. ఆ టిక్కు తీసేశాను. రెండూ ఒకేసారి చేశాను. అలా చేసి ఉండకూడదు. బాగైతే ఏది బాగు చేసిందో తెలియదు, బాగవకపోతే ఏం నేర్చుకున్నామో తెలియదు. పైగా ఆ రిపోర్ట్‌లో డ్రైవర్ అని ఉన్నంత మాత్రాన తప్పు డ్రైవర్‌దని కాదు. లింక్ తెగిందన్న కబురు మోసుకొచ్చేది డ్రైవరే కాబట్టి దాని పేరు ఉంటుంది.

రెండు రోజులు ఏ గొడవా లేదు. మూడో రోజు సాయంత్రం మెసేజ్ వచ్చింది: "మళ్లీ పోయిందండీ. కాల్ మధ్యలో. క్లయింట్ ముందు చాలా ఇబ్బందయింది."

ఏమీ మార్చకుండా ఐదు రోజులు

రెండోసారి వెళ్లినప్పుడు ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోలేదు. ఒక చిన్న స్క్రిప్ట్, అంటే దానంతటదే నడిచే ఆదేశాల ఫైలు, పెట్టాను. ప్రతి 5 సెకన్లకు అది ఒక లైను రాస్తుంది: టైము, రూటర్ పింగ్ వచ్చిందా లేదా, బయటి పింగ్ వచ్చిందా లేదా, సిగ్నల్ ఎంత శాతం, ఏ చానెల్, రూటర్‌లో ఏ రేడియోతో మాట్లాడుతోంది. ఈ చివరి మూడూ "నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్" కమాండ్ ఇస్తే తెలుస్తాయి. ఈ ఇంటి వైఫై వాడే రేడియో బ్యాండ్‌లు రెండు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. ఒక్కో బ్యాండ్‌లోని చిన్న ముక్కే చానెల్. రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్‌కు ఒక రేడియో, 5 గిగాహెర్ట్జ్‌కు ఒక రేడియో ఉంటాయి. బయటికి రెండిటి పేరూ ఒకటే కావచ్చు, కానీ దేని హార్డ్‌వేర్ అడ్రస్ దానిదే.

ఆవిడకు ఒక నోట్‌బుక్ పని అప్పగించాను. "పోయినప్పుడు టైము రాయండి. ఆ పది నిమిషాల్లో ఏం చేస్తున్నారో అది కూడా రాయండి. దీనికీ దానికీ సంబంధం ఏముంటుందిలే అనిపించినా సరే, రాసేయండి." నిజానికి ఈ మాట నాకు నేను చెప్పుకోవాల్సింది.

ఆ ఐదు రోజులు నా మనసులో వేరే అనుమానితులు తిరుగుతూనే ఉన్నారు. పోయే తీరును బట్టి కొందరిని ముందే పక్కన పెట్టొచ్చు. గడియారం పట్టినట్టు గంటకోసారి పోతే, చాలా రూటర్లలో 3600 సెకన్లకోసారి గ్రూప్ కీ (నెట్‌వర్క్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే తాళం సంకేతం) మారుతుంది, అనుమానం దాని మీదికి వెళ్తుంది. ఐపీ అడ్రస్ లీజు (రూటర్ ఆ అడ్రస్‌ను ఇచ్చే గడువు) సగం కాగానే ల్యాప్‌టాప్ దాన్ని పొడిగించమని అడుగుతుంది కాబట్టి, ఆ వ్యవధితో సరిపోతే అటు చూడాలి. మూత వంచినప్పుడో, ల్యాప్‌టాప్ ఎత్తి వేరే చోట పెట్టినప్పుడో పోతే, మడత బందుల గుండా వెళ్లే సన్నటి యాంటెన్నా తీగ నలిగిందేమో, కార్డు మీద దాని బొడిపె ఊడిందేమో చూడాలి. నిద్ర నుంచి లేచినప్పుడు మాత్రమే పోతే పవర్ సెట్టింగులు. ఈవిడ కేసు వీటిలో దేనికీ సరిపడలేదు. మధ్యాహ్నం పోతుంది, అదీ అన్ని మధ్యాహ్నాలూ కాదు.

రికార్డు చెప్పింది

ఐదు రోజుల తర్వాత ఫైలూ నోట్‌బుక్కూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మొదట తేలింది, లైన్ వాళ్ల తప్పు లేదని. పోయిన ప్రతిసారీ రూటర్ పింగ్ కూడా పోయింది. అంటే తెగుతున్నది ఇంట్లోనే, ల్యాప్‌టాప్‌కూ రూటర్‌కూ మధ్య.

రెండోది కాసేపు కళ్ల ముందే ఉన్నా పట్టుకోలేకపోయాను. పింగ్ పోయిన ప్రతి లైన్‌లోనూ చానెల్ 6 అని ఉంది. ఎప్పుడూ 100 లేదు, 52 లేదు. 6 అంటే 2.4 గిగాహెర్ట్జ్ చానెల్. ఆవిడ ల్యాప్‌టాప్ మామూలుగా ఉండేది 5 గిగాహెర్ట్జ్‌లో, చానెల్ 100 మీద. మరి 6లోకి ఎప్పుడు దిగింది? మంగళవారం మధ్యాహ్నం 3:11కి పింగ్‌లు పోవడం మొదలైంది. కానీ 6లోకి దిగింది ఉదయం 11:42కి. మూడున్నర గంటల ముందు. ఆ దిగిన క్షణంలో రెండు మూడు సెకన్లు మాత్రమే గండి పడింది. ఆవిడ గమనించనే లేదు. నోట్‌బుక్‌లో ఆ టైముకు ఏమీ లేదు.

11:42కి ఏం జరిగింది? రూటర్ సెట్టింగుల పేజీలో సిస్టమ్ లాగ్ తెరిస్తే, సరిగ్గా ఆ నిమిషానికి ఒక లైను ఉంది: చానెల్ 100 మీద రాడార్ డిటెక్టెడ్.

ఇది చాలామందికి వింతగా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొంత భాగాన్ని వాతావరణ రాడార్ల వంటివి ఎప్పటి నుంచో వాడుతున్నాయి. అందుకే చాలా దేశాల్లో 52 నుంచి 144 దాకా ఉన్న చానెళ్లలో చాలావాటిని వాడుకునే రూటర్ నిత్యం చెవి ఒగ్గి ఉండాలనే నిబంధన ఉంది. రాడార్ లాంటి పల్స్ వినిపిస్తే 10 సెకన్లలోపు ఆ చానెల్ ఖాళీ చేయాలి. 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. అలాంటిదే ఇంకో చానెల్‌కు మారాలంటే ముందు కనీసం 60 సెకన్లు ఏమీ పంపకుండా వినాలి. దీన్ని డీఎఫ్ఎస్ (డైనమిక్ ఫ్రీక్వెన్సీ సెలెక్షన్) అంటారు. వినిపించింది నిజమైన రాడార్ కావచ్చు, రూటర్ ఇంకేదో విని పొరబడి ఉండొచ్చు. రెండూ జరుగుతాయి. ఎలా జరిగినా, ఆ 60 సెకన్లు ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ మాయం. అదే పేరుతో 2.4 కనిపిస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ దాని మీదికి ఎక్కేస్తుంది. నిమిషం తర్వాత 5 గిగాహెర్ట్జ్ చానెల్ 52 మీద తిరిగొస్తుంది. కానీ 2.4 సిగ్నల్ 92 శాతం ఉంటే ల్యాప్‌టాప్ ఎందుకు కదులుతుంది? అక్కడే ఉండిపోతుంది.

వైఫై ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఎందుకు బాగయ్యేదో ఇక్కడ తెలిసింది. ఆన్ చేయగానే ల్యాప్‌టాప్ మళ్లీ అన్నిటినీ వెతికి, ఎక్కువసార్లు 5ను ఎంచుకునేది. రీసెట్ చేసినా, రూటర్ రీస్టార్ట్ చేసినా, కొత్త డ్రైవర్ వేసినా జరిగేది అదే. ఏం చేసినా బాగైనట్టే ఉండేది, తర్వాతి రాడార్ లైను పడేదాకా. కొత్త రూటర్ కూడా ఆటో చానెల్ మీదే ఉంది కాబట్టి నాలుగు రోజులకు అదే దారి పట్టింది.

సగమే తేలింది

ఇక్కడితో కేసు మూసేయొచ్చనిపించింది. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. 2.4లో ఉండటం తప్పేమీ కాదు. ఇంట్లో రెండు ఫోన్లు రోజంతా 2.4లోనే ఉంటాయి. అంతెందుకు, గురువారం ఆవిడ ల్యాప్‌టాప్ ఉదయం 9:20కే చానెల్ 6లోకి దిగి ఆరు గంటలకు పైగా అక్కడే ఉంది. ఒక్క పింగ్ పోలేదు. మంగళవారం మాత్రం ప్రాణం తీసింది. రెండు రోజులకూ తేడా ఏమిటి?

మొదట చుట్టుపక్కల వైఫైల రద్దీ అనుకున్నాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 మూడే. స్కాన్ చేస్తే చానెల్ 6 మీద ఇంకో నాలుగు నెట్‌వర్క్‌లు కనిపించాయి గానీ అన్నీ దూరంవి, బలహీనమైనవి. మైక్రోవేవ్ ఒవెన్ కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, దాని గురించీ అడిగాను. టైములు కలవలేదు.

అప్పుడు నోట్‌బుక్ మళ్లీ తిరగేశాను. మంగళవారం పేజీలో ఆవిడ చేతిరాత:

"3:10 – బ్యాకప్ డ్రైవ్ పెట్టాను. కాల్ ఆగి ఆగి వస్తోంది. మౌస్ కూడా గెంతుతోంది."

శుక్రవారం పేజీలో:

"3:00 బ్యాకప్. 3:02 నెట్ పోయింది. మౌస్ పనికిరాలేదు, టచ్‌ప్యాడ్ వాడాను."

మౌస్. మొదటి రోజు ఫోన్‌లోనే ఆవిడ ఇచ్చిన ఆధారం. వైర్‌లెస్ మౌస్ రిసీవర్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే మాట్లాడుతుంది. వైఫై డ్రైవర్‌తో దానికి సంబంధం లేదు, రూటర్‌తో సంబంధం లేదు. అదీ ఇదీ ఒకే నిమిషంలో మొరాయిస్తే, రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఆ టేబుల్ మీది గాలి.

ఐదు రోజులనూ ఒక కాగితం మీద రాసుకున్నాను. బుధవారం, సోమవారం ల్యాప్‌టాప్ 5లో ఉంది, బ్యాకప్ జరిగింది, ఏ గొడవా లేదు. గురువారం 2.4లో ఉంది, ఆ రోజు బ్యాకప్ చేయలేదు, గొడవ లేదు. మంగళవారం, శుక్రవారం 2.4లో ఉండగా బ్యాకప్ పెట్టారు, రెండు రోజులూ పోయింది. నేను పెట్టాల్సిన పరీక్షను రోజులే పెట్టి చూపించాయి.

యూఎస్‌బీ 3.0 రొద

ఆవిడ బ్యాకప్ డ్రైవ్ యూఎస్‌బీ 3.0 రకం. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతుంది. ఆ వేగంలో మారే సిగ్నల్ తీగలోంచి, పోర్ట్‌లోంచి, డ్రైవ్ డబ్బాలోంచి కొంత రేడియో రొదగా బయటికి కారుతుంది. అది ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగదు, వెడల్పుగా పరుచుకుంటుంది, 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మేర కూడా అందులోనే ఉంటుంది. 2012లో ఇంటెల్ దీని మీదే ఒక సాంకేతిక పత్రం విడుదల చేసింది. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలిస్తే ఆ మేరలో రొద దాదాపు 20 డెసిబెల్స్ పెరిగినట్టు కొలిచి చూపించింది. 20 డెసిబెల్స్ అంటే పవర్ లెక్కలో వంద రెట్లు. వైర్‌లెస్ మౌస్ మొరాయించడం గురించి కూడా ఆ పత్రంలో ఉంది. అదే రొద 5 గిగాహెర్ట్జ్ వైఫైని ఇంతగా బాధించదు. బుధవారం, సోమవారం బ్యాకప్‌లు ప్రశాంతంగా జరిగింది అందుకే.

గీతలు నిండుగా ఉంటే వైఫై ఎలా పోతుందని ఆవిడ అడిగారు. సరైన ప్రశ్న. ఆ గీతలు కొలిచేది రూటర్ సిగ్నల్ బలాన్ని, దాని చుట్టూ ఉన్న రొదను కాదు. పక్క గదిలోంచి ఎవరో మాట్లాడుతున్నారు, బాగా వినపడుతోంది. చెవి పక్కనే మిక్సీ వేశారనుకోండి. అక్కడ గొంతు తగ్గలేదు, ఇక్కడ మాట అర్థం కాదు. ల్యాప్‌టాప్ పరిస్థితి అదే. పైగా మిక్సీ తిరుగుతున్నది ల్యాప్‌టాప్ చెవి దగ్గరే కాబట్టి రూటర్‌కు గానీ, పక్క గదిలో ఫోన్లకు గానీ ఏమీ తెలియదు. "నా ల్యాప్‌టాప్‌కే ఈ తిప్పలు" అన్న మొదటి మాటకు అర్థం ఇది.

మూడోసారి వెళ్లినప్పుడు టేబుల్‌ను జాగ్రత్తగా చూశాను. ల్యాప్‌టాప్ ఎడమ పక్క, మడత బందుకు దగ్గరగా ఒక యూఎస్‌బీ పోర్ట్ ఉంది. దానికి జానెడు కూడా లేని కేబుల్. ఆ కేబుల్ చివర డ్రైవ్, ల్యాప్‌టాప్ అంచుకు ఆనుకుని పడుకుని ఉంది. పక్క పోర్ట్‌లో మౌస్ రిసీవర్. ఈ మోడల్ సర్వీస్ మాన్యువల్ ప్రకారం వైఫై యాంటెన్నాలు మూత పైభాగాన లేవు, మడత బందు వైపే ఉన్నాయి. డ్రైవ్‌కూ యాంటెన్నాకూ మధ్య నాలుగు వేళ్ల దూరం ఉందేమో.

అనుమానం నిజమో కాదో తేలాలంటే జబ్బును కావాలని రప్పించగలగాలి. అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ల్యాప్‌టాప్‌ను 2.4కే కట్టేశాను. డ్రైవ్ లేకుండా రూటర్‌కు 300 పింగ్‌లు: అన్నీ వచ్చాయి, 3 నుంచి 6 మిల్లీసెకన్లు. డ్రైవ్ తగిలించి పెద్ద ఫైలు కాపీ పెట్టాను. కిటికీలో అంకెలు మారిపోయాయి. 4, 5, 212, 890, తర్వాత రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, మళ్లీ 1460, మళ్లీ టైమ్డ్ అవుట్. సిగ్నల్ మాత్రం 91 శాతం దగ్గర కదలకుండా ఉంది. మౌస్ కదిపి చూడమన్నాను. బాణం నాలుగు గెంతుల్లో తెర దాటింది. కాపీ ఆపి డ్రైవ్ తీసేశాను. మూడో పింగ్‌కు మళ్లీ 4 మిల్లీసెకన్లు.

ఇలా మూడుసార్లు పెట్టి తీశాం. మూడోసారి ఆవిడే పెట్టారు, ఆవిడే తీశారు. మూడు నెలలు ఎక్కడెక్కడో వెతికిన సంగతి, వేలితో పెట్టి తీసేంత దగ్గరలో ఉంది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే ల్యాప్‌టాప్ బాగానే ఉందన్నమాట" అన్నారు.

చేసిన మార్పులు

ముందు డ్రైవ్ సంగతి. షీల్డింగ్ (రొద బయటికి కారకుండా ఆపే తొడుగు) బాగున్న మీటరు కేబుల్‌తో దాన్ని కుడివైపు పోర్ట్‌కు మార్చి, ల్యాప్‌టాప్‌కు దూరంగా టేబుల్ చివర పెట్టాం. ల్యాప్‌టాప్‌ను 2.4లోనే ఉంచి మళ్లీ 300 పింగ్‌లు కాపీ నడుస్తుండగా తీశాను. రెండు పోయాయి, మిగతావి 10 మిల్లీసెకన్ల లోపు. పాత చోటుతో పోలిస్తే పోలికే లేదు. మౌస్ రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో ముందుకు తెచ్చాం. డ్రైవ్‌ను యూఎస్‌బీ 2.0 హబ్ ద్వారా పెట్టినా ఈ రొద ఉండదు, కానీ అక్కడ గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లే. బ్యాకప్‌కు గంటలు పడుతుందని ఆవిడ వద్దన్నారు. నాకూ అదే సరైనదనిపించింది.

ఆ తర్వాత రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ను ఆటో నుంచి తీసి 36కు కట్టేశాను. 36, 40, 44, 48 చానెళ్లకు ఈ రాడార్ నిబంధన లేదు. 80 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టుకుంటే ఈ నాలుగూ కలిసి ఒకే గుంపు అవుతాయి. ఇరుగుపొరుగు రూటర్లు కూడా చాలావరకు ఇక్కడే ఉంటాయి కాబట్టి కొంత రద్దీ తప్పదు, గాలి ఖాళీగా ఉండే డీఎఫ్ఎస్ చానెళ్లను వదులుకున్నట్టే. అయినా రోజంతా కాల్స్ మీద ఉండే మనిషికి గరిష్ఠ వేగం కన్నా నిలకడే ముఖ్యం. ల్యాప్‌టాప్ వైఫై కార్డులో ప్రిఫర్డ్ బ్యాండ్‌ను, అంటే ముందుగా ఎంచుకోవాల్సిన బ్యాండ్‌ను, 5 గిగాహెర్ట్జ్ చేశాను. ఆవిడ టేబుల్ దగ్గర 5 సిగ్నల్ 66 శాతం. విండోస్ లెక్కలో అది మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం), వీడియో కాల్‌కు సరిపోతుంది. 2.4కు, 5కు వేర్వేరు పేర్లు పెట్టడం చాలామంది చేసే పని. ఇక్కడ అవసరం లేదనిపించి పెట్టలేదు. ఇంట్లో మిగతా అందరి ఫోన్లలో మళ్లీ పాస్‌వర్డ్‌లు కొట్టించాలి, లాభం ఏమీ లేదు.

ఇంకో పని కూడా చేశాను. మొదటిసారి నేను తీసేసిన పవర్ మేనేజ్‌మెంట్ టిక్కును తిరిగి పెట్టేశాను. తప్పు దానిది కానప్పుడు అది మారిపోయి ఉండకూడదు. అలా వదిలేస్తే, ఇంకెవరో ఈ ల్యాప్‌టాప్ చూసినప్పుడు దాన్ని ఆధారం అనుకుని దారి తప్పుతారు. కొత్త డ్రైవర్‌తో నష్టమేమీ లేదు కాబట్టి దాన్ని ఉంచాను.

స్క్రిప్ట్‌ను ఇంకో మూడు వారాలు నడవనిచ్చాను. పని దినాల్లో రోజూ బ్యాకప్ జరిగింది. ల్యాప్‌టాప్ 36 మీదే ఉంది. రూటర్ లాగ్‌లో రాడార్ లైను ఒక్కటీ రాలేదు. రూటర్ పింగ్ వరసగా రెండు పోయిన సందర్భం కూడా లేదు.

మూడో వారంలో ఒక రోజు ఫోన్ చేశారు. నాకు ఒక్క క్షణం టెన్షన్ పట్టుకుంది. "నెట్ పోయిందండీ" అన్నారు. నేను అడగబోయేలోపు ఆవిడే అందుకున్నారు: "రెండు కిటికీలూ తెరిచి చూశాను. రూటర్ 3 మిల్లీసెకన్లలో పలుకుతోంది, బయటిదే రావట్లేదు. చానెల్ 36 మీదే ఉంది. ఇది లైన్ వాళ్లదే కదా, వాళ్లకే చేస్తున్నాను. మీకు ఊరికే చెబుదామని." నాలుగు నిమిషాల తర్వాత లైన్ వచ్చిందని మెసేజ్ పెట్టారు.